రీ: ఎం4 రైఫిల్ క్వాలిఫికేషన్‌లో (గురి పరీక్షలో) 40కి 19, ఏం చెయ్యాలి?
తమ్ముడూ, అమెరికా ఆర్మీ రిజర్వ్‌లో చేరాక మొదటి లైవ్ ఫైర్‌లో (అసలు తూటాలతో కాల్చడంలో) 19 కొట్టానని, జీరో చేసినా, అంటే గురిపెట్టిన చోటే తగిలేలా సైట్ (గురిచూసే భాగం) సరిచేసినా, బుల్లెట్లు చెల్లాచెదురుగా పడ్డాయని రాశావు కదా, పాస్‌కి 23 కావాలి, నాలుగే తక్కువ, దానికింత బెంగెందుకు. 25 మీటర్ల దగ్గర గ్రూపింగ్ (బుల్లెట్లన్నీ దగ్గరదగ్గరగా పడటం) రాకముందే సైట్ తిప్పేసి ఉంటావు, నేనూ అదే చేశా, నాలుగు రౌండ్లు పడగానే క్లిక్కులు తిప్పడం, మళ్ళీ తిప్పడం, పొద్దంతా అదే గోల. ముందు అన్నీ ఒక్కచోట పడాలి, ఎక్కడైనా సరే, తర్వాతే సైట్ జోలికెళ్ళు. ఈలోపు యూనిట్‌లో డ్రై ఫైర్ (తూటాలు లేకుండా ట్రిగ్గర్ నొక్కే సాధన) చెయ్యి, రైఫిల్ ఖాళీయేనా అని రెండుసార్లు చూసుకుని బ్యారెల్ కొసన నాణెం పెట్టించి ట్రిగ్గర్ నొక్కు, నాణెం కింద పడిందంటే నొక్కట్లేదు, గుంజుతున్నావన్నమాట.

ఇంకోటి, టెస్ట్‌లో పదేసి రౌండ్ల మ్యాగజైన్లు నాలుగు, పడుకుని రెండు, మోకాలి మీద ఒకటి, నిలబడి ఒకటి, మార్చుకోమని ఎవరూ చెప్పరు. పౌచ్‌లో అన్నీ ఒకే వైపు తిప్పి పెట్టుకో, నాకోసారి తలకిందులుగా చేతికొచ్చి, సర్దుకునేలోపు రెండు టార్గెట్లు లేచి పడుకున్నాయి. 300 మీటర్ల టార్గెట్ పోతే పోనీ, 50, 100వి మాత్రం వదలకు. ఇయర్‌ప్లగ్స్ లోపలిదాకా పెట్టుకో, లేదంటే పక్కోడు పేల్చినప్పుడల్లా నువ్వు ఉలిక్కిపడతావు.