పెళ్లికి ముందు ముఖానికి లేజర్ చేయించుకోవచ్చా?

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. మాది దేవరకొండ. చామనఛాయ రంగు. మొటిమలు తగ్గి ఏడాదైనా బుగ్గల మీద గుంటలు మిగిలాయి. మే నెలలో పెళ్లి. మార్చిలో హైదరాబాద్‌లో లేజర్ చేయించుకోవాలని అనుకుంటున్నాను. ముఖం నల్లబడుతుందని స్నేహితురాలు భయపెడుతోంది. నిజమేనా?

జవాబు: మీ స్నేహితురాలి మాటను కొట్టిపారేయలేం. గుంటలకు ఎక్కువగా వాడే ఫ్రాక్షనల్ కార్బన్ డయాక్సైడ్ లేజర్ చర్మంలో సన్నని కాలిన రంధ్రాలు చేస్తుంది, అవి మానే క్రమంలో చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ అనే ప్రోటీన్ కొత్తగా పుట్టి గుంటలు కొంత పూడుకుంటాయి. అయితే మనలాంటి చామనఛాయ చర్మంలో రంగునిచ్చే కణాలు చురుకైనవి కావడంతో, ఆ వేడికి, వాపుకు అవి రెచ్చిపోయి నల్ల మచ్చలు తెచ్చిపెడతాయి. ఈ నలుపు సాధారణంగా నెల రోజులకు అటూ ఇటూగా బయటపడి, చాలామందిలో కొన్ని నెలలకు తగ్గుతుంది. లేజర్ తీవ్రత మరీ ఎక్కువైనప్పుడు అరుదుగా తెల్ల మచ్చలో, కొత్త గాటు మచ్చలో ఏర్పడి శాశ్వతంగా ఉండిపోవచ్చు. అందుకే తక్కువ తీవ్రతతో, చెవి ముందు చిన్న చోట పరీక్షించి చూసే డాక్టరునే నమ్మండి.

ఎరుపు, వాపు, మంట, పొట్టు రాలడం మాత్రం దుష్ప్రభావాలు కావు, మానడంలో భాగం. అవి దాదాపు వారంలో సర్దుకుంటాయి, లేత ఎరుపు మరికొన్ని వారాలు ఉండవచ్చు. రెండు మూడు రోజుల తర్వాత నొప్పి తగ్గకుండా పెరిగినా, చీము పట్టినా, నీటిపొక్కులు లేచినా అదే రోజు డాక్టరుకు చూపించాలి. గతంలో పెదవుల మీద హెర్పిస్ పొక్కులు వచ్చి ఉంటే ముందే చెప్పండి, వైరస్ మందు వేసి ఆ తర్వాతే లేజర్ చేస్తారు. మొటిమలకు ఐసోట్రెటినోయిన్ బిళ్లలు వాడినా, దెబ్బ తగిలిన చోట కెలాయిడ్ (ఉబ్బెత్తుగా, గట్టిగా పెరిగే మచ్చ) కట్టే గుణమున్నా, తెల్లబడడానికి మందుల దుకాణంలో అడిగి కొన్న స్టెరాయిడ్ క్రీము పూస్తున్నా దాచకండి. ఈ చివరిదాన్ని మా ఓపీలో అడిగితే గానీ ఎవరూ చెప్పరు.

నన్నడిగితే మార్చి వద్దంటాను. నల్లగొండ జిల్లాలో ఎండలు ముదిరే కాలం అది, మానుతున్న చర్మానికి ఎండకు మించిన శత్రువు లేదు. పైగా ఒక్కసారితో పని కాదు, నెల నుంచి రెండు నెలల ఎడంతో మూడు నాలుగు సార్లు చేయాల్సి రావచ్చు, పూర్తి ఫలితం కనబడడానికి చివరి సారి తర్వాత మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. మే నాటికి మీకు దక్కేది గుంటలు తగ్గిన ముఖం కాకుండా, ఇంకా మానుతున్న ముఖమే కావచ్చు. దాని మీద మైలపోలు నాడు పసుపు, సున్నిపిండి రుద్దితే ఒరిపిడికి నలుపు ఇంకా పెరుగుతుంది.

పెళ్లయ్యాక, చలికాలం మొదట్లో మొదలుపెట్టండి. అప్పటికి గర్భిణి అయితే కాన్పు తర్వాతకు వాయిదా వేయండి. ఈలోగా రోజూ ఎస్పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ రాసుకోండి. మీ గుంటల లోతును బట్టి, నలుపు ముప్పు తక్కువైన మైక్రోనీడ్లింగ్‌తోనే (సన్నని సూదులతో చర్మాన్ని గుచ్చే చికిత్స) సరిపోతుందేమో కూడా చర్మవ్యాధుల నిపుణులను అడగండి. బ్యూటీ పార్లర్లలో చవకగా చేస్తామనే లేజర్ జోలికి మాత్రం వెళ్లవద్దు.