క్రోమ్ వాడుతుంటే పాత ఎక్స్‌ప్లోరర్ లోపాలతో భయం లేదా?

ఆఫీసులో ఒక పాత అప్లికేషన్ కోసం విండోస్ 7 కంప్యూటర్ ఉంచామని, దాంట్లో బయటి సైట్లన్నీ క్రోమ్‌లోనే చూస్తున్నామని, అలాంటప్పుడు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ లోపాలతో భయమేముందని అడిగారు. భయం ఉంది. పైగా విండోస్ 7లో క్రోమ్ కూడా 109వ వెర్షన్‌తోనే ఆగిపోయింది, అంటే అదీ పాతదే.

2014లో నేను ఒక ఆఫీసులో సిస్టమ్స్ చూసుకునేవాణ్ణి. ఆ ఏడాది ఏప్రిల్ 8న మైక్రోసాఫ్ట్ విండోస్ ఎక్స్‌పీకి సపోర్ట్ ఆపేసింది. అదే నెల 26న ఎక్స్‌ప్లోరర్ 6 నుంచి 11 దాకా అన్నింటిలో ఉన్న లోపం బయటపడింది. భద్రతా లోపాలకు ఇచ్చే సీవీఈ నంబర్లలో దానిది సీవీఈ-2014-1776. అప్పటికే దాంతో దాడులు జరుగుతున్నాయి.

అది యూజ్ ఆఫ్టర్ ఫ్రీ రకం. పేజీలో ఒక భాగానికి ఇచ్చిన మెమరీని బ్రౌజర్ వదిలేస్తుంది, కానీ దాని అడ్రస్ మాత్రం పట్టుకునే ఉంటుంది. ఇల్లు ఖాళీ చేసిన మనిషికి పాత అడ్రసుకే ఉత్తరాలు వేయడంలాంటిది. ఈలోగా ఆ ఇంట్లోకి ఎవరు దిగితే వాళ్ల చేతికే అందుతాయి. దాడి చేసేవాడు ఆ ఖాళీలో తన డేటా నింపుతాడు, ఆపైన బ్రౌజర్ అతని కోడ్‌ను నడిపిస్తుంది. మీరు ఏదీ డౌన్‌లోడ్ చేయక్కర్లేదు, పేజీ తెరిస్తే చాలు. నమ్మకమైన సైటే హ్యాక్ అయితే? అందుకే ‘తెలిసిన సైట్లే చూస్తాం’ అనే మాట నేను పట్టించుకోను.

లోపాన్ని సరిచేసే ప్యాచ్ వచ్చేదాకా మేం వీజీఎక్స్ డీఎల్ఎల్ అనే విండోస్ ఫైల్‌ను అన్‌రిజిస్టర్ చేసి, అంటే ఎక్స్‌ప్లోరర్ దాన్ని వాడకుండా చేసి, నెట్టుకొచ్చాం. మే 1న ప్యాచ్ వచ్చింది, గడువు తీరిన ఎక్స్‌పీకి కూడా. అది చూసి ఎక్స్‌పీకి ఇంకా ఢోకా లేదని ఆఫీసులో అందరూ సంబరపడ్డారు. ఇక ఎక్స్‌పీని ఎవరూ మార్చరేమోనని నాకు అసలు టెన్షన్ అప్పుడే మొదలైంది.

ఇక మీ విషయం. ఎక్స్‌ప్లోరర్ ఐకాన్‌ను ముట్టుకోకపోయినా పేజీలను చూపించే దాని ఇంజన్ ఎంఎస్‌హెచ్‌టీఎంఎల్ విండోస్ లోపలే ఉంటుంది, వేరే ప్రోగ్రాములూ వాడుకుంటాయి. 2021లో వచ్చిన సీవీఈ-2021-40444 దాడికి బ్రౌజరే అక్కర్లేదు, మెయిల్‌లో వచ్చిన వర్డ్ ఫైల్ తెరిస్తే సరిపోయేది. ఎక్స్‌ప్లోరర్‌ను 2022 జూన్ 15న రిటైర్ చేశాక కూడా, ఒక షార్ట్‌కట్ ఫైల్‌తో విండోస్ 10, 11లో దాన్నే తెరిపించి దాడులు చేశారు. ఆ రంధ్రం 2024 జులైలో గానీ మూయలేదు.

ఆ అప్లికేషన్ మైక్రోసాఫ్ట్ బ్రౌజర్ ఎడ్జ్‌లోని ఐఈ మోడ్‌లో (ఎక్స్‌ప్లోరర్ కోసం చేసిన పాత సైట్లను నడిపే ఏర్పాటు) నడుస్తుందేమో విండోస్ 11 మీద పరీక్షించండి. ఆ మోడ్‌ను కనీసం 2029 వరకు ఉంచుతామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. నడవకపోతే పాత కంప్యూటర్‌కు ఇంటర్నెట్ తీసేసి, ఆ అప్లికేషన్ సర్వర్ ఒక్కదానికే దారి ఉంచండి. అడ్మిన్ అకౌంట్‌తో లాగిన్ కావద్దు. యాంటీవైరస్ ఉంటే ఉండనివ్వండి, కానీ దాన్నే నమ్ముకోవద్దు. ఆ కంప్యూటర్‌లో ఎవరైనా మెయిల్ చూస్తుంటే మాత్రం ఇవాళే ఆపించండి, మిగతావి తర్వాత చేసుకోవచ్చు.