వర్షారణ్యాల్లో మొక్కలు, జంతువులు ఒకదానిపై ఒకటి ఎలా ఆధారపడతాయి?

వర్షారణ్యపు దట్టమైన నీడలో గాలి అంతగా వీచదు కనుక, అక్కడి చెట్లలో అధికభాగం పరాగ సంపర్కానికీ, విత్తనాల వ్యాప్తికీ జంతువుల మీదే ఆధారపడతాయి. దీనికి మేడి, మర్రి జాతులను మించిన ఉదాహరణ లేదని నా అభిప్రాయం. మేడిపండును విప్పగానే కనిపించే పురుగులను చూసి మనం ముఖం చిట్లిస్తాం గానీ, ఆ చెట్టుకు అవే దిక్కు. దాని పువ్వులన్నీ కాయ లోపలే ఉంటాయి; ఒకటి రెండు మిల్లీమీటర్ల పొడవుండే ఆడ కందిరీగ, కాయ కొనన ఉన్న సన్నని రంధ్రంలోకి రెక్కలు ఊడిపోతున్నా దూరి, తెచ్చిన పుప్పొడిని పువ్వులకు అంటించి, కొన్నింటిలో గుడ్లు పెట్టి అక్కడే చనిపోతుంది. పిల్లల్లో రెక్కల్లేని మగవి బయటికి దారి తొలిస్తే, ఆడవి పుప్పొడితో మరో చెట్టుకు ఎగిరిపోతాయి.

ఈ జాతి చెట్లు వేర్వేరు నెలల్లో కాస్తాయి గనుక, మిగతా పండ్లు దొరకని రోజుల్లోనూ హార్న్‌బిల్ పక్షులకు, గబ్బిలాలకు, కోతులకు తిండి ఉంటుంది. అవి రెట్టలతో విత్తనాలను ఎత్తైన కొమ్మల మీద వదులుతాయి. (మన పాతబస్తీ గోడల పగుళ్లలో రావి మొక్క మొలిచేదీ ఇలాగే.) అన్ని పొత్తులూ ఇంత చిక్కుగా ఉండవు: అమెజాన్‌లో సెక్రోపియా చెట్టు తన బోలు కాండంలో చీమలకు చోటిస్తే, అవి ఆకులు తినవచ్చే పురుగులను కరిచి తరుముతాయి.