ఎంబసీలో పనిచేస్తున్న మా అమ్మాయికి రక్షణ ఏమిటి?

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్‌ని, ఉండేది కావలి. మా అమ్మాయి స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్‌ఎస్‌సీ) పరీక్ష రాసి విదేశాంగ శాఖలో అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసర్‌ (ఏఎస్‌ఓ)గా చేరింది. ఇప్పుడు పశ్చిమాసియాలో ఒక దేశంలో మన ఎంబసీలో ఉంది. అల్లుడు, నాలుగేళ్ల మనవరాలు కూడా అక్కడే ఉన్నారు. టీవీలో యుద్ధం వార్తలు చూసినప్పుడల్లా టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. అమ్మాయి ఐఎఫ్‌ఎస్ (ఇండియన్ ఫారిన్ సర్వీస్) అధికారి కాదు, మరి దౌత్య రక్షణ ఉంటుందా? ఎంబసీ అంటే భారత భూభాగమేననీ, అక్కడేం జరిగినా కావలిలో కేసు పెట్టొచ్చనీ మా మిత్రుడు అంటున్నాడు. నిజమేనా? జరగరానిది జరిగితే బాధ్యత ఎవరిది? అల్లుడు అక్కడ ప్రైవేటు ఉద్యోగం చూసుకుంటానంటున్నాడు, చేయొచ్చా?

జవాబు: మాస్టారూ, ముందు మీ మిత్రుడి మాట సంగతి చూద్దాం. నెల్లూరు కోర్టు వరండాలో జూనియర్ లాయర్ల నోట కూడా ఈ మాట విన్నాను. ఎంబసీ మన భూభాగం కాదు. ఆ నేల ఆ దేశానిదే, అక్కడి చట్టమే నడుస్తుంది. కాకపోతే మన రాయబారి అనుమతి లేకుండా అక్కడి పోలీసులు గేటు దాటి లోపలికి రాకూడదు. దౌత్య సంబంధాల మీద 1961 నాటి వియన్నా ఒప్పందం 22వ అధికరణం చెప్పేది అదే. ఇంటిని అద్దెకిచ్చిన ఓనరు చెప్పకుండా లోపలికి రాకూడదు, అంతమాత్రాన ఇల్లు మనదైపోదు కదా!

కాబట్టి అక్కడ ఒక విదేశీయుడు దాడి చేస్తే కావలి పోలీసులకు చేతిలో ఏమీ ఉండదు. అక్కడ నేరం చేసింది భారతీయుడైతే మన భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చింది) వర్తిస్తుంది. అప్పుడైనా ఇక్కడ విచారణ జరగాలంటే నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చింది) 208వ సెక్షన్ కింద కేంద్రం ముందస్తు అనుమతి కావాలి. ఉగ్రవాదం వంటి కొన్ని నేరాల్లో మాత్రం, విదేశంలో మన పౌరుల మీద జరిగినా దర్యాప్తు చేసే అధికారం 2019 సవరణతో జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్‌ఐఏ)కు వచ్చింది. 2023 మార్చిలో లండన్‌లోని మన హైకమిషన్ మీద జరిగిన దాడి కేసును ఎన్‌ఐఏ తీసుకుంది అలాగే.

ఇక అమ్మాయి హోదా. పాస్‌పోర్టు రంగును బట్టి రక్షణ రాదు. మన ప్రభుత్వం ఆమె పేరును అక్కడి విదేశాంగ శాఖకు ఏ హోదాలో తెలియజేసిందన్నదే ముఖ్యం. ఏఎస్‌ఓలు సాధారణంగా పరిపాలన, సాంకేతిక సిబ్బంది కిందికి వస్తారు. అదే వియన్నా ఒప్పందం 37వ అధికరణం ప్రకారం వాళ్లకూ, వాళ్లతో ఒకే ఇంట్లో ఉండే కుటుంబానికీ అరెస్టు నుంచి, క్రిమినల్ కేసుల నుంచి దౌత్యాధికారికి ఉన్నంత రక్షణే ఉంటుంది. తేడా సివిల్ దావాల్లో వస్తుంది. డ్యూటీకి సంబంధం లేని పనుల మీద సివిల్ దావా పడితే ఆ రక్షణ కాపాడదు. ఒకటి గుర్తుపెట్టుకోండి, ఇదంతా ఎంబసీ సిబ్బందికి. రేపు ఆమెను కాన్సులేట్‌కు మారిస్తే లెక్క వేరు. అక్కడ కాన్సులేట్ల కోసం చేసుకున్న 1963 నాటి వియన్నా ఒప్పందం వర్తిస్తుంది, దాని రక్షణ పలచన. 2013లో న్యూయార్క్‌లో మన డిప్యూటీ కాన్సుల్ జనరల్‌ను అరెస్టు చేయగలిగారంటే కారణం అదే.

అయితే మీకు నిద్ర పట్టనిది అరెస్టు భయంతో కాదు, బాంబుల భయంతో. అక్కడ చట్టం బలం తగ్గుతుందని మీ దగ్గర దాచను. 1961 ఒప్పందం 29వ అధికరణం ప్రకారం ఆమె మీద దాడి జరగకుండా తగిన చర్యలన్నీ తీసుకోవాల్సింది ఆతిథ్య దేశమే. యుద్ధం వస్తే వీలైనంత త్వరగా వెళ్లిపోవడానికి సాయం చేయాలని 44వ అధికరణం చెబుతుంది. 1979 నవంబరులో టెహ్రాన్‌లోని అమెరికా ఎంబసీని ఆక్రమించుకున్నప్పుడు, మొదట గోడ దూకింది విద్యార్థులే అయినా ఆపకుండా చూస్తూ ఊరుకున్నందుకు, తర్వాత దాన్ని సమర్థించినందుకు ఇరాన్ ప్రభుత్వమే బాధ్యురాలని అంతర్జాతీయ న్యాయస్థానం 1980 మేలో తీర్పు చెప్పింది. చక్కటి తీర్పు. కానీ బందీలు విడుదలైంది 1981 జనవరిలో, అల్జీరియా మధ్యవర్తిత్వంతో. 52 మంది 444 రోజులు బందీలుగా ఉన్నారు.

కాబూల్ సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. 2008 జూలై 7న మన ఎంబసీ గేటు దగ్గర కారు బాంబు పేలింది. ఐఎఫ్‌ఎస్ అధికారి వి. వెంకటేశ్వరరావు, బ్రిగేడియర్ ఆర్.డి. మెహతా, గేటు దగ్గర కాపలాలో ఉన్న ఇద్దరు ఐటీబీపీ జవాన్లు చనిపోయారు. మృతుల్లో ఎక్కువ మంది వీసా పనికీ, దారిన పోతూనూ అక్కడ ఉన్న ఆఫ్ఘన్లే. ఆత్మాహుతికి వచ్చినవాడికి ఏ అధికరణమూ అడ్డు కాదు. తప్పించుకున్న కుట్రదారుల విషయంలో మాత్రం 1973 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం పనికొస్తుంది. దౌత్య సిబ్బంది మీద దాడి చేసినవాడు సభ్యదేశంలో దొరికితే, ఆ దేశం అతన్ని అప్పగించాలి, లేదా తానే విచారించాలి. అందులో భారత్ కూడా సభ్యదేశమే.

అల్లుడి ఉద్యోగం గురించి నా మాట కటువుగా అనిపించినా చెబుతాను: తొందరపడొద్దు. భార్యాభర్తల ఉద్యోగాల మీద మన దేశానికి ఆ దేశంతో ఒప్పందం ఉందో లేదో చూడాలి, ఎంబసీ ద్వారా అక్కడి ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. అనుమతి వచ్చినా ఆ ఉద్యోగానికి సంబంధించిన దావాల్లో రక్షణ ఉండదు. మన వైపు నుంచి కువైట్ వెళ్లినవాళ్లు జీతం గొడవల్లో ఇరుక్కుని మా దగ్గరికి వస్తుంటారు. అల్లుడి పరిస్థితీ అక్కడ వాళ్లలాగే అవుతుంది.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న పని చెబుతాను. డ్యూటీలో ఉండగా ఉగ్రవాద చర్యలో లేదా ప్రమాదంలో మరణిస్తే కేంద్ర ఉద్యోగి కుటుంబానికి రూ.25 లక్షల ఎక్స్‌గ్రేషియా ఉంది. 2023 నాటి అసాధారణ పెన్షన్ నిబంధనల కింద మామూలు కంటే ఎక్కువ ఫ్యామిలీ పెన్షన్ కూడా వస్తుంది. రెండిటికీ మరణానికీ డ్యూటీకీ సంబంధం ఉందని కాగితాలు చూపాలి. ఆమె ఎన్‌పీఎస్‌ (జాతీయ పెన్షన్ పథకం)లో ఉంటే, సర్వీసులో మరణిస్తే ఏ పద్ధతిలో పెన్షన్ కావాలో ముందే ఆప్షన్ ఇవ్వాలి. చాలామంది చేరిన రోజు చదవకుండా సంతకం పెట్టేసి మర్చిపోతారు. ఈసారి సెలవుకు వచ్చినప్పుడు ఆ ఫారం, ఎన్‌పీఎస్, గ్రాట్యుటీ, బీమా నామినేషన్ల కాపీలు తెమ్మనండి. వాటిలో పెళ్లికి ముందు మీ పేరు రాసి ఉంటే, ఇప్పుడు మార్చమని మీరే చెప్పండి. ఫ్యామిలీ పెన్షన్ ఎలాగూ మొదట అల్లుడికే వెళ్తుంది.