ఇంటర్‌లో వచ్చిన లెక్కలు బీటెక్‌లో ఎందుకు రావడం లేదు?

ప్రశ్న: మాది పరకాల దగ్గర పల్లెటూరు. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమం. ఇంటర్ ఎంపీసీలో లెక్కల్లో మంచి మార్కులే వచ్చాయి. ఇప్పుడు హనుమకొండలో బీటెక్ సీఎస్ఈ మొదటి సంవత్సరం. డిస్క్రీట్ మ్యాథమెటిక్స్ (సమితులు, తర్కం, లెక్కింపు, గ్రాఫులు ఉండే గణితం) మొదటి మిడ్ పరీక్షలో బాగా తక్కువ వచ్చాయి. ముఖ్యమైన ప్రశ్నలు బట్టీ కొట్టి కోడింగ్ మీద దృష్టి పెట్టమని సీనియర్లు అంటున్నారు. నాన్న హైదరాబాద్‌లో కోచింగ్ ఇప్పిస్తానంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా మీ నాన్నగారికి ఒక మాట. ఆ డబ్బు మిగుల్చుకోండి. కోచింగ్‌తో తీరే ఇబ్బంది కాదు ఇది.

ఈఏపీసెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు చేయాలి. అందులో సగం, అంటే 80, లెక్కలే. నిమిషానికో బిట్టు, తప్పు ఆప్షన్లు కొట్టేయడం, జవాబు నుంచి వెనక్కి రావడం: రెండేళ్లు మీరు సాధన చేసింది ఇదే. డిస్క్రీట్ పేపర్లో చాలాచోట్ల జవాబు ప్రశ్నలోనే ఉంటుంది. 'ఇది నిజమని నిరూపించండి' అంటారు. అది ఎందుకు నిజమో వాక్యం తర్వాత వాక్యంగా రాయాలి. ఆ రాత మీకు ఎవరూ నేర్పలేదు, అంతే.

నిజానికి సిలబస్‌లో సగం మీకు పాతదే. సమితులు పదో తరగతిలో చూశారు. ప్రమేయాలు, గణితానుగమనం ఇంటర్ 1ఏలో, ప్రస్తారాలు, సంయోగాలు 2ఏలో ఉన్నాయి. కానీ గణితానుగమనంలో 'n = k కు నిజం అనుకుందాం' అన్న మాటకు అర్థం పట్టించుకోకపోయినా అప్పుడు మార్కులు పడ్డాయి. ఇప్పుడు పడవు.

ఈ రోజే ఒక లెక్క చేయండి. 0, 1 అంకెలతో n పొడవున్న వరుసలు రాయాలి. రెండు 1లు పక్కపక్కన రాకూడదు. అలాంటివి ఎన్ని? పొడవు 1 అయితే రెండు, 2 అయితే మూడు, 3 అయితే ఐదు, 4 అయితే ఎనిమిది. వీటిని చేత్తోనే రాయండి. తర్వాతిది 13 అని ఊహించడానికి క్షణం పట్టదు. అయితే ఊహకు ఇక్కడ మార్కులు లేవు. వరుస చివర 0 ఉంటే, దాని ముందు n−1 పొడవున్న సరైన వరుస ఏదైనా ఉండవచ్చు. చివర 1 ఉంటే, దాని ముందు తప్పక 0 ఉండాలి. ఆ రెండంకెలూ తీసేస్తే n−2 పొడవున్న వరుస మిగులుతుంది. కాబట్టి ప్రతి సంఖ్యా దాని ముందున్న రెండింటి మొత్తం. ఇప్పుడు పుస్తకం మూసి, ఇదే కారణాన్ని మీ మాటల్లో రాయండి. ఆ తర్వాత సీ భాషలోనో పైథాన్‌లోనో వరుసలన్నీ లెక్కపెట్టే చిన్న ప్రోగ్రామ్ రాయండి. పొడవు 10కి 144 రావాలి. సీనియర్లు చెప్పే కోడింగ్‌లో రికర్షన్ (పెద్ద లెక్కను అదే రకం చిన్న లెక్కలుగా మార్చి చేయడం) అనే పాఠం ఉంటుంది కదా, దాని అసలు సరుకు ఇదే.

గ్రాఫ్ థియరీకి, అంటే బిందువులు, వాటిని కలిపే గీతల పాఠానికి, మన రైలు పటం చాలు. కాజీపేట నుంచి సికింద్రాబాద్, బల్లార్షా, వరంగల్ వైపు మూడు దారులు. పెద్దపల్లి నుంచి కాజీపేట, బల్లార్షా, కరీంనగర్ వైపు మూడు. డోర్నకల్ నుంచి వరంగల్, ఖమ్మం, భద్రాచలం రోడ్ వైపు మూడు. బైపాస్ పట్టాలను పక్కన పెడదాం. ఏ దారిలోనూ రెండోసారి వెళ్లకుండా అన్ని దారులూ తిరిగి రాగలమా? మధ్యలో వచ్చే స్టేషన్లో ఒక దారిన వచ్చి మరో దారిన వెళ్లాలి, అంటే దారులు జతలుగా ఖర్చవుతాయి. బేసి దారులున్న స్టేషన్ ప్రయాణానికి మొదలో చివరో కాక తప్పదు. అలాంటివి ఇక్కడ మూడు ఉన్నాయి. మిగతాది మీరే పూర్తి చేయండి. కోనిగ్స్‌బర్గ్ నగరంలోని ఏడు వంతెనలనూ ఒక్కోసారే దాటి తిరగగలమా అన్న ప్రశ్నకు 1736లో గణితవేత్త ఆయిలర్ చేసిన వాదన ఇదే.

ఇంగ్లిష్ గురించి మీరు అడగలేదు గానీ, అది కూడా అడ్డు పడుతూనే ఉంటుంది. నిరూపణను మొదట తెలుగులో రాసుకోండి, తర్వాత ఇంగ్లిష్‌లో పెట్టండి. 'ప్రతి ఊరికీ ఏదో ఒక బస్సు వెళ్తుంది', 'అన్ని ఊళ్లకూ వెళ్లే బస్సు ఒకటి ఉంది' అన్న వాక్యాలకు తేడా మీకు తెలుగులో వెంటనే తెలుస్తుంది. క్వాంటిఫైయర్ల ('ప్రతి', 'ఏదో ఒకటి' లాంటి మాటల) వరుస మారితే అర్థం ఎందుకు మారుతుందో చెప్పే పాఠమంతా దాని మీదే నడుస్తుంది.

ఐఐటీ అధ్యాపకుల పాఠాలు ఎన్‌పీటీఈఎల్‌లో ఉచితంగా ఉన్నాయి. వీడియో ఆపి, లెక్క మీరు ప్రయత్నించాకే ముందుకు వెళ్లండి. ఊరికే చూస్తూ పోతే అంతా అర్థమైనట్టే ఉంటుంది.

ఇక ఉద్యోగాల సంగతి. ఎంటెక్ సీట్లకు, కొన్ని ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగాలకు పనికొచ్చే గేట్ పరీక్షలో, కంప్యూటర్ సైన్స్ పేపర్లో 100కు 13 మార్కులు ఇంజినీరింగ్ మ్యాథమెటిక్స్‌వి. డిస్క్రీట్ అందులో భాగం. తర్వాత వచ్చే డేటాబేస్ పాఠాలకు పునాది 1970లో కంప్యూటర్ శాస్త్రవేత్త ఎడ్గార్ కాడ్ ప్రతిపాదించిన రిలేషనల్ నమూనా, అంటే సమాచారాన్ని పట్టికలుగా, గణితంలోని సంబంధాలుగా చూసే పద్ధతి. సమితులు, సంబంధాలు రాకపోతే అక్కడా తడబడతారు.

పరీక్ష ముందు వారం సీనియర్ల జాబితా చూసుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. ఈ వారం మాత్రం మొదటి మిడ్ పేపర్ బయటకు తీసి, మార్కులు పోయిన ప్రశ్నలను పుస్తకం చూడకుండా మళ్లీ రాయండి. ఆ కాగితాలు మీ అధ్యాపకుడికి చూపించి, 'ఇది ఎలా చేయాలి సార్' అని అడగకండి. 'నా మూడో వాక్యం నుంచి నాలుగోది వస్తుందా సార్' అని అడగండి.