రహస్యాన్ని ముక్కలు చేసి పంచండి
(రచన: మీ సందేహాలకు జవాబులు)

ప్రశ్న: ఎస్వీ యూనివర్సిటీలో కలిసి చదివిన నలుగురు స్నేహితులు 2004లో ఎర్రచందనం దొంగరవాణాలో ఇరుక్కుంటారు. ఒక మనిషి చనిపోతాడు. దుంగని కల్యాణీ డ్యామ్‌లో పడేసి ఎవరి దారిన వాళ్లు పోతారు. ఇరవై ఏళ్లకు ఆ దుంగ తేలి, గంధం వాసనతో ఒడ్డుకు కొట్టుకొస్తుంది. నా నవల చదివినవాళ్లు సగంలోనే హంతకుణ్ణి చెప్పేస్తున్నారు. అక్కణ్ణుంచి కథ చప్పబడిందంటున్నారు.
- ఒక పాఠకురాలు, భవానీనగర్, తిరుపతి

జవాబు: మీ నలుగురికీ జరిగిందంతా తెలుసు. చిక్కంతా అక్కడే ఉంది. అన్నీ తెలిసినవాళ్లు వంద పేజీలు నోరు మూసుకుంటే, దాస్తున్నది రచయితేనని పాఠకుడికి తెలిసిపోతుంది. రహస్యాన్ని పంచండి. ఒకడు బండి నడిపాడు, శవాన్ని చూడలేదు. ఇంకొకడు కొట్టాడు, తన దెబ్బకే పోయాడనుకుంటున్నాడు. మూడోవాడు తర్వాత వెనక్కి వెళ్లాడు, అప్పటికింకా ఆ మనిషికి ఊపిరి ఉంది. నాలుగోవాడు ఆ రాత్రి అక్కడ లేనంటాడు.

ఒక్కొక్కరికి కాగితం మీద నాలుగు గడులు గీయండి: కళ్లతో చూసింది, ఊహించుకున్నది, మిగతావాళ్లకు చెప్పింది, ఇప్పుడు బయటపడితే పోయేది. చివరి గడి ఖాళీగా ఉన్న పాత్ర రెండో సగంలో ఊరికే కూర్చుంటుంది. పాత తప్పు ఒక్కటే భయపెట్టదు. వచ్చే నెలలో కూతురి పెళ్లి ఉంటేనో, కౌన్సిలర్ టికెట్టు ఖాయమయ్యేలా ఉంటేనో అది మీదికొస్తుంది.

దుంగ సంగతి మార్చక తప్పదు. ఎర్రచందనం చేవ (దుంగ లోపలి గట్టి కర్ర) నీళ్లకంటే బరువు, తేలదు. గంధం వాసనా ఉండదు. ఈ మార్పు మీ కథకు మేలే చేస్తుంది. వానలు ముఖం చాటేసిన ఏడాది డ్యామ్ అడుగంటి, బురదలోంచి దుంగ బయటపడనివ్వండి. అప్పుడు వేసవి ముదిరేకొద్దీ నలుగురూ నీటిమట్టం చూసుకుంటూ నిద్రపోలేరు. మొదటి సగానికి కావాల్సిన బిగువు అదే ఇస్తుంది.

ఆధారాన్ని మాటలో దాచండి. పేపర్లో దుంగ దొరికిందని మాత్రమే వస్తుంది. టీ అంగట్లో నాలుగోవాడు అంటాడు: "దాంట్లో గొడ్డలి ముక్క ఇరుక్కోని ఉండాల కదరా!" వెంటనే ఎవరైనా "నీకెట్లా తెలుసు?" అని నిలదీస్తే ఆధారం పాడైపోతుంది. టీకి దుడ్లెవరివ్వాలన్న గొడవలోకి మాట మళ్లించండి. మూడు అధ్యాయాల తర్వాత, రాత్రిపూట, ఒకడికి అది గుర్తుకు రావాలి.

ప్రశ్న: ఇరవై ఏళ్ల నాటి హత్యకు కేసు నడుస్తుందా? కాల్ రికార్డులతో పట్టించవచ్చా?
- ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: నడుస్తుంది. కేసు పెట్టడానికి గడువన్నది మూడేళ్లలోపు శిక్షపడే నేరాలకే. హత్యకు లేదు. 2024 జులై 1 నుంచి ఐపీసీ బదులు భారతీయ న్యాయ సంహిత వచ్చినా, నేరం 2004లో జరిగింది కనుక మీ ఎస్సై రాయాల్సింది హత్యకు ఐపీసీ 302, సాక్ష్యం మాయం చేసినందుకు 201. చాలా నవలలు ఇక్కడే తడబడతాయి. కాల్ రికార్డులు మాత్రం మానేయండి. 2021 చివర్లో రెండేళ్లకు పెంచేదాకా ఫోన్ కంపెనీలు వాటిని ఏడాది ఉంచితే సరిపోయేది. వాటి బదులు ఫిల్మ్ నెగటివ్ వాడండి. అంచున ఫ్రేమ్ అంకెలు వరసగా ఉంటాయి. 14 తర్వాత 17 కనిపిస్తే మధ్యలో రెండు ఫొటోలు ఎవరో కత్తిరించారన్నమాట.

ప్రశ్న: తిరుమల ఘాట్‌లో ఎదురెదురుగా లారీ, కారు ఢీకొనే ఘట్టం పెట్టవచ్చా?
- మరో పాఠకుడు, చంద్రగిరి

జవాబు: వద్దు. 1974 నుంచి ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు. పైగా అలిపిరిలో ప్రతి బండినీ తనిఖీ చేస్తారు. ఆ ఘట్టాన్ని తిరుపతి-మదనపల్లె దారిలోని భాకరాపేట ఘాట్‌కు మార్చండి. అక్కడ ఒకే రోడ్డు మీద రెండువైపులా బండ్లు తిరుగుతాయి, మలుపు అవతల ఏముందో కనబడదు.