పాత మైనర్‌ని రిపేరుకి ఇచ్చే ముందు

విజయనగరం

చిరంజీవి సంతోష్‌కి మామయ్య ఆశీస్సులు.

మూలపడ్డ రెండు ఆంట్‌మైనర్ ఎస్9 బిట్‌కాయిన్ మైనింగ్ యంత్రాలనీ, హాష్ (లెక్కలు చేసే వేగం) తగ్గిన ఎస్19నీ ఎక్కడ బాగు చేయించాలని అడిగావు. షాపు సంగతి తరవాత, ముందు అందులో పాడైందేదో నువ్వే తేల్చుకో. పెట్టె మొత్తం తీసుకెళ్లి "పనిచేయట్లేదు" అని చేతిలో పెడితే బిల్లు కూడా పెట్టె మొత్తానికే పడుతుంది. పాడయ్యేవి నాలుగే: పవర్ సప్లై, ఫ్యాన్లు, కంట్రోల్ బోర్డు (అన్నిటినీ నడిపేది), హాష్ బోర్డులు (లెక్కలు చేసే చిప్‌లుండేవి). ఒక్కోదానికి ఒక్కో రకం మెకానిక్ కావాలి.

బ్రౌజర్లో మైనర్ ఐపీ అడ్రస్ కొట్టి లోపలికెళ్లి కెర్నల్ లాగ్ (మైనర్ తన పనితీరు రాసుకునే చిట్టా) తెరువు. ఎస్9లో ఒక్కో బోర్డుకి 63 చిప్‌లు, బోర్డులు మూడు. ప్రతి చెయిన్‌కీ (లాగ్‌లో ఒక్కో హాష్ బోర్డుకి పేరు అదే) 63 కనబడాలి. ఒక చెయిన్‌కి 0 చూపిస్తే వెంటనే బోర్డు పోయిందనుకోకు. కరెంటు పూర్తిగా ఆపి, ఆ బోర్డు డేటా కేబుల్‌ని బాగున్న బోర్డు కేబుల్‌తో మార్చి పెట్టు. తప్పు బోర్డుతో పాటు కదిలితే బోర్డుదే. అదే సాకెట్‌లో ఉండిపోతే కేబులో, కంట్రోల్ బోర్డో. కరెంటు ఉండగా ఏ కనెక్టరూ పీకొద్దు, పెట్టొద్దు. ఒకే హాష్ బోర్డుకి రెండు వేర్వేరు పవర్ సప్లైల తీగలు ఇవ్వొద్దు. చాలా బోర్డులు ఇలాగే చచ్చాయి.

పవర్ సప్లై దగ్గర మన వైపు అసలు చిక్కు ఓల్టేజీ. ఎస్9కి వచ్చే ఏపీడబ్ల్యూ3 అనే పవర్ సప్లై పూర్తి 1600 వాట్లు ఇవ్వాలంటే 200 ఓల్టుల పైన ఉండాలి. రాత్రి ఏడు గంటలప్పుడు మీటరు పెట్టి చూడు, పగటి రీడింగ్ నమ్మకు. తక్కువుంటే మైనర్ మాటిమాటికీ రీస్టార్ట్ అవుతుంది, జనం దాన్ని బోర్డు జబ్బనుకుంటారు. ఆరు పిన్నుల కనెక్టర్లు కూడా ఒక్కొక్కటీ తీసి చూడు. లూజుగా ఉన్న పిన్ను వేడెక్కి ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగి ఉంటుంది. ఆ కనెక్టర్ మార్చడం సోల్డరింగ్ తెలిసిన ఎవరైనా చేసే పని. పవర్ సప్లైకి ఇన్వర్టర్లు, వెల్డింగ్ మెషీన్లు బాగుచేసేవాళ్లు చాలు, శ్రీకాకుళంలోనూ ఇక్కడా దొరుకుతారు. మూత నువ్వు తీయకు. ప్లగ్ పీకాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్లలో ప్రాణం తీసేంత ఓల్టేజీ నిలిచి ఉంటుంది.

ఎస్9 ఫ్యాన్ కొనేటప్పుడు 120 మిల్లీమీటర్ల వెడల్పు, 38 మిల్లీమీటర్ల మందం, 12 ఓల్టులు, నాలుగు తీగలు, 6000 ఆర్‌పీఎం అని అడుగు. కంప్యూటర్ షాపువాడు 25 మిల్లీమీటర్ల పల్చటి ఫ్యాన్ చూపించి ఇదీ అంతే అంటాడు. ఆ గాలి ఈ హీట్‌సింక్‌లకి (చిప్‌ల వేడి లాగే లోహపు రేకులకి) ఏ మూలకీ చాలదు.

కంట్రోల్ బోర్డు పోయిందంటే సగం సార్లు సాఫ్ట్‌వేరే. ఎస్9కైతే 16 జీబీ లోపు ఎస్‌డీ కార్డుని ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి రికవరీ ఇమేజ్ ఎక్కించొచ్చు. ఎస్19 కంట్రోల్ బోర్డుల్లో మాత్రం నాలుగైదు రకాలున్నాయి, ఒకదాని ఫర్మ్‌వేర్ (బోర్డుని నడిపే సాఫ్ట్‌వేర్) ఇంకోదానికి ఎక్కిస్తే ఉన్నదీ పోతుంది. బోర్డు మీద చిప్ పేరు చదివాకే ఫైలు వెతుకు. ఊరూ పేరూ లేని ఫర్మ్‌వేర్ జోలికి పోకు, నీ యంత్రం సంపాదన ఇంకొకడి వాలెట్‌లో (బిట్‌కాయిన్ ఖాతాలో) పడొచ్చు.

ఇక హాష్ బోర్డు, ఖర్చంతా ఇక్కడే. ముందు శుభ్రం చేయి. మీ పలాస-కాశీబుగ్గలో జీడి బట్టీల పొగ జిడ్డుగా ఉంటుంది, దుమ్ము దాని మీద అట్ట కడుతుంది. పైగా సముద్రపు గాలి. మెత్తటి బ్రష్షు, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడు. టైరు షాపు కంప్రెసర్ గాలిలో తడి ఉంటుంది, అది వద్దు. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకో. కనెక్టర్ల మూలల్లో ఆకుపచ్చగా, తెల్లగా పూత కనబడితే తుప్పు మొదలైనట్టే.

తరవాత కరెంటు లేకుండానే బోర్డు పవర్ ఇన్‌పుట్ మీద మల్టీమీటర్ పెట్టు. దాదాపు సున్నా ఓమ్‌లు చూపిస్తే షార్ట్ ఉన్నట్టు, దానికి కరెంటు ఇవ్వొద్దు. షార్ట్ లేక, లాగ్‌లో చిప్‌లు 40 దగ్గర ఆగిపోతే, 40, 41 చిప్‌ల చుట్టూ చూడమని చెప్పు. సిగ్నల్ ఒక చిప్ నుంచి ఇంకో చిప్‌కి వరసగా పోతుంది కాబట్టి తెగిన చోటు అక్కడే ఉంటుంది. ఎస్9లో మూడేసి చిప్‌లు ఒక డొమైన్ (ఒకే ఓల్టేజీ పంచుకునే గుంపు), బోర్డుకి అలాంటివి 21. ఒక్కో డొమైన్‌కి సుమారు 0.4 ఓల్టులు రావాలి. ఒకటి సున్నా చూపిస్తే తప్పు ఆ మూడింటి దగ్గరే. ఈ కొలత కరెంటు ఉండగా తీయాలి, ప్రోబు జారితే బతికున్న చిప్ కూడా పోతుంది. కాబట్టి అది చేయి తిరిగినవాడికే వదిలేయి.

ల్యాప్‌టాప్, మొబైల్ చిప్-లెవల్ షాపులవాళ్లకి హాట్ ఎయిర్, మైక్రోస్కోప్ ఉంటాయి. కనెక్టర్లు, చిన్న రెగ్యులేటర్లు బాగా మారుస్తారు. చిప్ మార్చడానికి మాత్రం మోడల్‌కి తగ్గ టెస్ట్ ఫిక్స్చర్ (బోర్డుని విడిగా పరీక్షించే పరికరం) కావాలి. ఫోన్లో మొదటి ప్రశ్న అదే అడుగు. ఎదుటివాడు "అదేటి?" అన్నాడంటే దణ్ణం పెట్టి ఫోన్ పెట్టేయి. ఉందంటే, చిప్‌లు కొత్తవా పాత బోర్డు నుంచి పీకినవా, బాగవకపోతే చూసిన కూలి ఎంత, తిరిగిచ్చేటప్పుడు అన్ని చిప్‌లూ కనబడే లాగ్ ఇస్తాడా అని అడుగు. విశాఖలో దొరక్కపోతే సికింద్రాబాద్ సీటీసీ, చెన్నై రిచీ స్ట్రీట్, బెంగళూరు ఎస్పీ రోడ్, ఢిల్లీ నెహ్రూ ప్లేస్ లాంటి కంప్యూటర్, ఎలక్ట్రానిక్స్ బజార్ల వైపు వాకబు చేయి. దేశం దాటించడం ఈ వయసు యంత్రాలకి గిట్టదు, కస్టమ్స్ కాగితాలకే నీరసం వస్తుంది. నీ ఎస్19 లేబుల్ కూడా సరిగ్గా చదివి చెప్పు. ఎస్19కి బోర్డుకి 76 చిప్‌లు, ప్రోకి 114, జె ప్రోకి 126. ఒకదాని బోర్డు ఇంకోదానికి పనికిరాదు.

డబ్బు లెక్క చేదుగానే ఉంటుంది. ఎస్9 సుమారు 1350 వాట్లు, అంటే రోజుకి 32 యూనిట్లు. ఇంటి కనెక్షన్ పై స్లాబు 9.75 రూపాయల చొప్పున 315 రూపాయల కరెంటు. 2024 ఏప్రిల్ హాల్వింగ్‌లో (మైనింగ్ బహుమతి సగానికి తగ్గే ఘట్టంలో) బ్లాక్ బహుమతి 3.125 బిట్‌కాయిన్లకి తగ్గాక ఎస్9 ఇచ్చే 13.5 టెరాహాష్ వేగంతో ఆ ఖర్చు రాదు. రెండు ఎస్9లకీ పైసా పెట్టకు. విప్పి ఒకదానికొకటి విడిభాగాలుగా వాడుకో, సోల్డరింగ్ నేర్చుకోడానికి వాడుకో. ఎస్19 రోజుకి 78 యూనిట్లు తింటుంది, అదే రేటుకి 760 రూపాయలు. పూల్ (మైనర్లు కలిసి పనిచేసి రాబడి పంచుకునే గుంపు) కాలిక్యులేటర్‌లో వచ్చేదెంతో చూసి, చాలకపోతే బాగు చేయించి అమ్మేయి. నడిచే యంత్రానికి వచ్చే ధర పాడైనదానికి రాదు. ఇంటి మీటరు మీద వ్యాపారం నడిపితే విద్యుత్ చట్టం 126 సెక్షన్ కింద అదనపు బిల్లు వేయగలరు, మీ నాన్నగారికి ఆ మాట ముందే చెప్పు. క్రిప్టో లాభం మీద 30 శాతం పన్నుంది. అందులోంచి కరెంటు ఖర్చూ, రిపేరు ఖర్చూ తగ్గించుకోనివ్వరు.

పంపేది పాడైన బోర్డు ఒక్కటే. సీరియల్ నంబరు కనబడేలా రెండు వైపులా ఫొటోలు తీసుకో. యాంటీ-స్టాటిక్ కవర్లో పెట్టి, హీట్‌సింక్‌ల మీద బరువు పడకుండా చుట్టూ ఫోమ్ పెట్టి గట్టి అట్టపెట్టెలో సర్దు. లాగ్ ప్రింటు తీసి లోపల పెట్టు, ఏ చిప్ దగ్గర ఆగిందో దాని మీద పెన్నుతో రాయి. ఆర్టీసీ కార్గోలో వేసేటప్పుడు విలువ తప్పకుండా రాయించు.

ఇట్లు,
మీ మామయ్య